ఫ్యాను రెక్క మీద పేరు: సాహిత్య బహుమతుల వెనక డబ్బు సంగతి

మన క్లబ్బు కథల పోటీకి ఈసారి స్పాన్సర్ దొరికారు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు 25,000 రూపాయలు ఇస్తామన్నారు. మూడు షరతులు పెట్టారు. పోటీ పేరుకి ముందు వాళ్ళ పేరు రావాలి. కథలన్నీ 'విజయం' అనే అంశం మీద ఉండాలి. ఫలితాలు ప్రకటించేముందు జాబితా ఒకసారి వాళ్ళకి చూపించాలి. మొదటి రెండిటికీ మీటింగులో ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. మూడోదాని దగ్గర గొడవ మొదలైంది. "చూపిస్తే పోయేదేముంది, మారుస్తామని అన్లేదు కదా" అని సగంమంది. "మార్చనివాళ్ళకి చూడ్డమెందుకు" అని మిగతా సగం.

నేను రెండో సగంలో ఉన్నాను. ట్రెజరర్ని కాబట్టి నా మాటకి కాస్త విలువుంటుందనుకున్నాను. అదే నా కొంప ముంచింది. పోయినేడు మనం సొంతంగా పెట్టిన పోటీలో మొదటి బహుమతి 2,000 రూపాయలు. గెలిచింది ఫస్టియర్ అమ్మాయి. ఆమెకి సర్టిఫికెట్టు అందింది, ఫొటో తీశాం, స్టేటస్ పెట్టుకున్నాం. డబ్బు అందలేదు. తలా యాభై వసూలు చేసి ఇవ్వాల్సింది నేనే. సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, తర్వాత సెలవులొచ్చాయి, తర్వాత అడగడానికి నాకే మొహం చెల్లలేదు. "స్పాన్సర్ వద్దంటున్నావు సరే, మరి నువ్విచ్చావా?" అని ఒకడు అందరి ముందూ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మీటింగు ఏమీ తేలకుండా ముగిసింది. నేను కోటబొమ్మాళి వెళ్ళిపోయి, ఆ వారం సెలవుల్లో ఈ బహుమతుల సంగతేంటో చదవడం మొదలుపెట్టాను. వచ్చే శుక్రవారం మళ్ళీ మీటింగు. దానికి ముందు అందరూ చదువుతారని ఇది రాస్తున్నాను. ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్ణి, తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది.

మా ఊరి గురించి ఒక్క మాట. కాలేజీలో చాలామందికి కోటబొమ్మాళి అంటే 2023లో వచ్చిన సినిమా పేరు, అందులో పాట. అసలు మావాళ్ళకి ముందు గుర్తొచ్చేది కొత్తమ్మతల్లి జాతర. జాతరకి చందాలు పోగుచేస్తారు. ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు. ఎక్కువిచ్చినవాళ్ళ పేరు ముందు, నెమ్మదిగా, రెండుసార్లు. యాభై రూపాయలిచ్చినవాళ్ళది చివర, గబగబా. ఇందులో తప్పేమీ లేదు, డబ్బు ఇచ్చినవాడికి ఆ మాత్రం ముచ్చట ఉంటుంది. ఏ గుళ్ళోనైనా తలెత్తి చూడండి, ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాసుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు. పేరు చదవాలంటే ఫ్యాను ఆపాలి. సాహిత్య బహుమతుల చరిత్ర చదువుతుంటే నాకు ఆ ఫ్యానే గుర్తొస్తూ ఉంది.

సర్కారు డబ్బు, సొంత డబ్బు

మనకి తెలిసిన పెద్ద బహుమతి కేంద్ర సాహిత్య అకాడమీది. అకాడమీ 1954లో మొదలైంది. డబ్బు ప్రభుత్వానిది, నిర్ణయం మాత్రం అకాడమీదే అని దాని నియమం. మొదట్లో బహుమతి సొమ్ము 5,000. 1983లో 10,000 చేశారు, 1988లో 25,000, 2001లో 40,000, 2003లో 50,000, 2009లో లక్ష. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్ళాక లెక్కల్లో పనికొస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌కి కూడా సొంత సాహిత్య అకాడమీ ఉండేది. 1957లో పెట్టారు. 1983లో కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం మిగతా అకాడమీలతో పాటు దాన్నీ రద్దు చేసింది. పాతికేళ్ళకి పైగా పుస్తకాలకి బహుమతులిచ్చిన సంస్థ, ఒక్క నిర్ణయంతో లేకుండా పోయింది. అది మంచా చెడా అని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, ఆ గొడవలోకి నేను వెళ్ళను. నాకు కావలసింది ఒక్కటే: డబ్బు ఒకేచోట నుంచి వస్తుంటే ఆ ఒక్కచోట ఆగిపోతే అంతా ఆగిపోతుంది. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్.

అందుకే ప్రభుత్వంతో సంబంధం లేని బహుమతులు పక్కనే పుడుతుంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది జ్ఞానపీఠ్. చాలామంది దాన్ని ప్రభుత్వానిది అనుకుంటారు, నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. కాదు. టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రిక నడిపే సాహు జైన్ కుటుంబం పెట్టిన భారతీయ జ్ఞానపీఠ్ అనే సంస్థ ఇస్తుంది. 1961లో అనుకున్నారు, 1965 నుంచి ఇస్తున్నారు. తెలుగులో ముగ్గురికి వచ్చింది: 1970కి విశ్వనాథ సత్యనారాయణ, 1988కి సి. నారాయణరెడ్డి, 2012కి రావూరి భరద్వాజ. భరద్వాజ గారు బడి చదువు మధ్యలోనే మానేసినవారు. ఆయనకి బహుమతి ప్రకటించింది 2013లో, ఆ ఏడాది అక్టోబరులోనే ఆయన పోయారు. బహుమతి ఆలస్యమైతే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ డబ్బు ఇంకో దారి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అదే తానా, నవలల పోటీ పెట్టింది. 1997లో చంద్రలత 'రేగడి విత్తులు'కి ఇచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత 2017లో బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి ఇస్తే, అదే నవలకి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2019లో సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం'కి ఇచ్చారు, రెండేళ్ళకి అది సినిమా అయింది. అంటే పెద్ద బహుమతి చూడకముందే చిన్న బహుమతి చూసింది. ప్రైవేటు బహుమతి చెయ్యగలిగిన మంచి పని ఇదేనని నాకనిపిస్తుంది. ఇంకా అచ్చుకాని రాతప్రతిని చదివి "ఇది బాగుంది" అని చెప్పే ధైర్యం.

ఇవన్నీ పెద్ద డబ్బున్నవాళ్ళ కథలు. చిన్న డబ్బువాళ్ళూ ఉన్నారు. కుందుర్తి ఆంజనేయులు వచనకవిత్వం కోసం 'ఫ్రీవర్స్ ఫ్రంట్' పెట్టి కవితాసంపుటికి బహుమతి ఇచ్చేవారు. పద్యమే కవిత్వమని జనం అనుకుంటున్న రోజుల్లో వచనకవితకి విడిగా ఒక బహుమతి అంటే, అది బహుమతి రూపంలో చేసిన వాదన. అనంతపురంలో కవి రాధేయ 1988 నుంచి ఉమ్మడిశెట్టి సత్యాదేవి పేరు మీద కవితాసంపుటికి అవార్డు ఇస్తున్నారు. ఒక మనిషి, ఒక ఊరు, ఏటేటా ఒక పుస్తకం. మన క్లబ్బుకి దగ్గరగా ఉండేవి ఇలాంటివే, తానాలూ జ్ఞానపీఠాలూ కావు.

మన వైపు

ఇక మన ఉత్తరాంధ్ర. ఇక్కడ బహుమతుల విషయంలో మనవాళ్ళు కొంచెం తేడా మనుషులు. రావిశాస్త్రి గారిని తీసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ 'కళాప్రపూర్ణ' ఇస్తామంటే తీసుకోనన్నారు. బహుమతి తీసుకోకపోవడం కూడా రచయిత చేతిలో ఉన్న పనే అని మనం మర్చిపోతుంటాం. మా స్కూల్లో మెమెంటో వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణీ చూళ్ళేదు.

విజయనగరంలో చాసో ఉన్నారు, చాగంటి సోమయాజులు. 1915 జనవరి 17న పుట్టారు, 1994 జనవరి 1న పోయారు. 'వాయులీనం', 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదవని వాళ్ళుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అవి చదవండి, రెండూ కలిపి అరగంట పట్టదు. రెండోది చదువు మానెయ్యాల్సివచ్చిన కుర్రాడి కథ, మన వయసువాళ్ళకి ఇంకా ఎక్కువ తగులుతుంది. ఆయన పేరు మీద 'చాసో స్ఫూర్తి' పురస్కారం ఆయన పుట్టినరోజు, జనవరి 17న, విజయనగరంలో ఇస్తారు. దాన్ని నిలబెట్టింది ఆయన కూతురు, రచయిత్రి చాగంటి తులసి. సర్కారు కాదు, కంపెనీ కాదు. ఒక కూతురు తండ్రికి ప్రతి ఏడూ చేసే పుట్టినరోజు అనుకోవచ్చు, కాకపోతే కేకు వేరేవాళ్ళకి పెడుతుంది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను. కాళీపట్నం రామారావు, అందరూ కారా మాస్టారు అంటారు. 1924లో పుట్టారు. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో టీచరుగా పనిచేశారు. ఎక్కువ రాయలేదు. 1960ల్లో వచ్చిన 'యజ్ఞం' మీద జరిగినంత చర్చ తెలుగులో ఇంకో కథ మీద జరిగుండదంటారు. అది అప్పు తగువు కథ. ఊళ్ళో పంచాయితీ, ఒక పాత బాకీ, అది తీర్చాలా వద్దా. ఇంట్లో అప్పు మాట వచ్చినప్పుడల్లా టీవీ సౌండ్ పెంచే కుటుంబాల్లో పుట్టినవాళ్ళకి ఆ కథ ముగింపు నిద్ర పట్టనివ్వదు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి ఆయనకి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పైన చెప్పిన అంకెలు చూడండి: ఆ ఏడు సొమ్ము 25,000. మన స్పాన్సర్ ఇస్తానన్నంత.

ఆయన ఆ డబ్బు, తనకి వచ్చిన మిగతా బహుమతుల డబ్బు పెట్టి ఏం చేశారంటే, శ్రీకాకుళంలో తెలుగు కథలకి ఒక ఇల్లు కట్టారు. 'కథానిలయం'. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. ఒక టీచరు బహుమతుల సొమ్ముతోనే ఇల్లు పూర్తిగా లేచి నిలబడదు కదా, కథలంటే ఇష్టమున్నవాళ్ళు చెయ్యి వేశారు. పుస్తకాలు మొదట ఆయన సొంతవే, తర్వాత రచయితలూ పాఠకులూ పంపినవి. లక్ష్యం వింటే పిచ్చి అనిపిస్తుంది: తెలుగులో వచ్చిన ప్రతి కథా అక్కడ ఉండాలి. సంపుటాలే కాదు, పాత పత్రికల్లో ఒకసారి అచ్చయి మళ్ళీ ఎవరూ చూడనివి కూడా. ఇప్పుడు కథానిలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో, కథ పేరుతో, పత్రిక పేరుతో వెతుక్కోవచ్చు, చాలా కథల స్కాన్లు చదువుకోవచ్చు. డేటాబేస్ అనే మాట మనం రెండో ఏడు సిలబస్‌లో నేర్చుకుంటాం. ఆయన అప్పటికే చేతిరాతతో, ఉత్తరాలతో, కథల జాబితాలు తయారుచేస్తూ వచ్చారు.

ఆ సెలవుల్లో నేను మొదటిసారి అక్కడికి వెళ్ళాను. సిగ్గుపడాల్సిన విషయమే, మా ఊరి నుంచి శ్రీకాకుళం బస్సులో లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను, సినిమాకి, షాపింగుకి, సర్టిఫికెట్ల పనికి. ఇక్కడికి మాత్రం ఎప్పుడూ పోలేదు. గోడల మీద కథకుల ఫొటోలు. సగంమంది పేర్లు నాకు తెలియవు. ఒక పాత సంపుటం తీసి ఒక కథ చదివాను. నాకు ముప్పావుగంట పట్టింది. తెలుగు వేగంగా చదవలేను, ఒత్తుల దగ్గర ఆగుతాను. ఎవరూ ఏమీ అనలేదు, తొందరపెట్టలేదు. బయటికొచ్చాక ఒకటి తట్టింది. ఆ ఇంటి వెనకున్న బహుమతులు ఎవరికి ఎప్పుడు వచ్చాయో నాకు తెలియకపోయినా ఆ కథ నాకు దొరికింది. ఫ్యాను తిరుగుతోంది, గాలి వస్తోంది.

ఇంటికెళ్ళి మా మామ్మకి చెప్పాను. "బగుమతి డబ్బులొస్తే ఇల్లు కట్టుకోడం విన్నాను గానీ, పుస్తకాలికి ఇల్లు కట్టడమేట్రా?" అంది. కాసేపాగి, "ఆయనికి సొంతిల్లుందా మరి?" అని అడిగింది. నాకు తెలీదన్నాను. కారా మాస్టారు 2021 జూన్ 4న పోయారు. కథానిలయం ఉంది.

హంగేరీలో ఒక వీలునామా

ఇక్కడిదాకా చదివాక, వేరే దేశంలో చిన్న భాషలవాళ్ళు ఏం చేశారో చూద్దామనిపించింది. 2025 నోబెల్ సాహిత్య బహుమతి హంగేరీ రచయిత లాస్లో క్రస్నహోర్కైకి వచ్చింది కదా, అక్కడ మొదలుపెట్టాను. హంగేరియన్ మాట్లాడేవాళ్ళు కోటిన్నర కూడా ఉండరు, మనకన్నా చాలా తక్కువ. వాళ్ళలో నాకు నచ్చిన సంగతి, ఇంటిపేరు ముందు రాసుకుంటారు, మనలాగే. కాళీపట్నం రామారావు అన్నట్టు, యోజెఫ్ అత్తిలా. యోజెఫ్ ఇంటిపేరు, అత్తిలా పేరు.

బౌమ్‌గార్టెన్ ఫెరెన్స్ ఫెర్డినాండ్ అని ఒకాయన ఉండేవాడు. బుడాపెస్ట్‌లో పుట్టిన విమర్శకుడు, డబ్బున్నవాడు. రాసింది ఎక్కువగా జర్మన్‌లో. 1927 జనవరి 18న పోయాడు. వీలునామా చూస్తే, ఆస్తిని హంగేరియన్ రచయితల కోసం రాసిపెట్టాడు. జాతి, మతం లాంటి పక్షపాతాలు లేకుండా, సొంత లాభం కోసం రాజీపడకుండా, కష్టాల్లో బతుకుతున్న రచయితలకి సాయం అందాలని. తను వేరే భాషలో రాసి, డబ్బు మాత్రం పుట్టిన నేల భాషకి ఇచ్చాడు. ఇంగ్లీషులో కోడ్ రాసి, ఇంగ్లీషులో చాట్ చేసి, తెలుగు క్లబ్బుకి యాభై రూపాయలిచ్చే మనందరికీ ఆయన దూరపు చుట్టం.

1929 నుంచి ఆ బహుమతి ఇచ్చారు, ప్రతి జనవరి 18న, ఆయన పోయిన రోజున. మన చాసో పురస్కారం తర్వాతి రోజన్నమాట. ఆ దేశంలో ప్రభుత్వం మితవాద ధోరణిలో ఉన్న కాలమది. ప్రభుత్వం మెచ్చనివాళ్ళకి కూడా డబ్బు అందగలిగే దారి ఒకటి ఏర్పడింది. నిధి బాధ్యత ఇద్దరి చేతిలో ఉండేది: ఒకరు లాయరు, ఒకరు కవి. ఆ కవి మిహాయ్ బాబిత్స్, అప్పటి హంగేరియన్ సాహిత్యంలో పెద్ద దిక్కు.

ఇప్పుడు చేదు భాగం. యోజెఫ్ అత్తిలా పేదింటి పిల్లాడు, తల్లి బట్టలుతికి పెంచింది. ఈరోజు హంగేరీలో ఆయన కవిత రాని పిల్లలుండరు. 1930లో, పాతికేళ్ళు నిండకముందే, బాబిత్స్ కవిత్వాన్ని చీల్చిచెండాడుతూ ఒక విమర్శ రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ బహుమతి ఆయన దగ్గరికి రాలేదు. చివర్లో కొంత చిన్న మొత్తం ఇచ్చారు. 1937 డిసెంబరు 3న రైలు కింద పడి చనిపోయాడు. పూర్తి బహుమతి 1938లో ఇచ్చారు, మనిషి పోయాక.

దీన్ని చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే అప్పటిదాకా నా వాదన సింపుల్‌గా ఉంది: స్పాన్సర్ చెడు, సొంత డబ్బు మంచిది. బౌమ్‌గార్టెన్ డబ్బు ఎవరి డబ్బూ కాదు, చనిపోయిన మనిషిది, షరతులు కూడా గొప్పవే. అయినా ఆ డబ్బుకీ కవికీ మధ్యన ఒక మనిషి కూర్చున్నాడు, ఆ మనిషికి మనసు నొచ్చింది. బాబిత్స్ చెడ్డవాడని నేననను, నన్నెవరైనా అలా తిడితే నేనూ మార్కులు తగ్గించేవాణ్ణేమో. ప్రభుత్వం నుంచి స్వతంత్రం అయినంతమాత్రాన అన్నిటి నుంచీ స్వతంత్రం అయిపోదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. 1949 తర్వాత బౌమ్‌గార్టెన్ బహుమతి లేదు. 1950లో ప్రభుత్వమే కొత్త సాహిత్య బహుమతి పెట్టింది. ఎవరి పేరు పెట్టిందో ఊహించండి. యోజెఫ్ అత్తిలా పేరే. బతికుండగా బహుమతి సరిగ్గా దక్కని కవి, పోయాక తనే ఒక బహుమతి అయ్యాడు.

లెక్క

మళ్ళీ మన 2,000 రూపాయల దగ్గరికి. ట్రెజరర్ని కాబట్టి ఈ భాగం నాది.

ప్రతి ఏడూ చందా వసూలు చేసి ఇవ్వడం ఒక పద్ధతి. ఇది ట్రెజరర్ ఎలాంటివాడనే దానిమీద ఆధారపడుతుంది, ఫలితం చూశారు కదా. రెండోది నిధి పెట్టడం: అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే ఇవ్వడం. నోబెల్ నుంచి బౌమ్‌గార్టెన్ దాకా మూలసూత్రం ఇదే. బ్యాంకులో ఏడు శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి 10,000 బహుమతి ఇవ్వాలంటే అసలు ఎంత ఉండాలి? పది వేలని 0.07తో భాగించండి, సుమారు 1,43,000. ఇది విని మీటింగులో అందరూ "ఓస్, సీనియర్లని అడిగితే వచ్చేస్తుంది" అంటారు. ఆగండి. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ 10,000 పది వేలే ఉంటుంది, కానీ దానికి ఏమొస్తుంది? అకాడమీ సొమ్ము 5,000 నుంచి లక్షకి ఎందుకు పెంచుకుంటూ పోవాల్సి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ధరలు ఏడాదికి ఐదు శాతం పెరుగుతాయనుకుని, బహుమతి కూడా అంతే పెరగాలంటే, మనం నిజంగా తినగలిగే వడ్డీ ఏడులోంచి ఐదు పోగా రెండు శాతమే. పది వేలని 0.02తో భాగిస్తే ఐదు లక్షలు. లక్షా నలభై వేలకీ ఐదు లక్షలకీ మధ్య తేడాలోనే చాలా ట్రస్టు బహుమతులు నెమ్మదిగా ఎండిపోతాయని నా అనుమానం. ఎవరూ మూసెయ్యరు. శాలువా మిగులుతుంది, కవరు పల్చబడుతుంది.

మన దగ్గర ఐదు లక్షలు లేవు. రెండు వేల మొదటి బహుమతికే అయితే ఇదే లెక్క ప్రకారం లక్ష కావాలి. అదీ లేదు. కాబట్టి నిధి మాట ఇప్పటికి పక్కన పెట్టాలి. నిజాయితీగా ఉండే చిన్న చందానే మనకి మిగిలిన దారి, లేదా స్పాన్సర్.

స్పాన్సర్ గురించి నా మాట కొంచెం మారింది, చెప్పడానికి మొహమాటం లేదు. పేరు ముందు పెట్టడం నాకు ఓకే. ఫ్యాను రెక్క మీద పేరులాంటిదది. 'విజయం' అనే అంశం ఓకే కాదు. చాసో ఈ పోటీకి రాస్తే ఆ చదువాగిపోయిన కుర్రాడి కథ మొదటి రౌండులోనే పోతుంది. జాబితా ముందు చూపించడం అస్సలు కాదు. ఒకసారి చూపించామంటే వచ్చే ఏడు అడగరు, అలవాటు అంటారు.

అయితే బాబిత్స్ సంగతి చదివాక మన జడ్జిల విషయంలో కూడా మనం ఇంతే గట్టిగా ఉండాలనిపిస్తోంది. పోయినేడు ముగ్గురం జడ్జిలం ఎవరి కథ ఏదో తెలిసే చదివాం. పేర్లు తీసేశాం, నిజమే, కానీ కథలు వర్డ్ ఫైల్స్‌గా వచ్చాయి. ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే 'ఆథర్' అని రాసినవాళ్ళ పేరుంటుంది. నేను తెరిచాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఫలితం మార్చలేదు, ఆ అమ్మాయి కథ ఎలా చూసినా మొదటిదే. అయినా చూశాను. ఈసారి కథలన్నీ జడ్జి కానివాళ్ళు తీసుకుని, మామూలు టెక్స్ట్‌గా కాపీ చేసి, నంబరు వేసి పంపాలి. జడ్జిల్లో కనీసం ఒకరు కాలేజీ బయటి మనిషి ఉండాలి. ప్రతి ఏడూ మారాలి. బాగున్న కథ రాకపోతే ఈ ఏడు బహుమతి లేదు అని చెప్పే హక్కు జడ్జిలకి ఉండాలి. బహుమతి సొమ్ము చేతికొచ్చాకే పోటీ ప్రకటించాలి, ముందు కాదు. ఈ చివరిది నామీద నేను పెట్టుకుంటున్న రూలు.

తేలనిది ఒకటుంది. క్లబ్బు సభ్యులు పోటీకి పంపొచ్చా? పంపకూడదంటే, కాలేజీలో తెలుగులో కథ రాసేవాళ్ళంతా క్లబ్బులోనే ఉన్నారు, ఇంక ఎవరు పంపుతారు? పంపొచ్చంటే, జడ్జిలూ మనవాళ్ళే, చదివేదీ మనవాళ్ళదే. దీనికి నాకు జవాబు దొరకలేదు. శుక్రవారం ఎవరైనా ఆలోచించి రండి.

నిన్న రాత్రి ఆ 2,000 నా పాకెట్ మనీలోంచి ఆ అమ్మాయికి పంపాను. వసూలు చేసి తీసుకుంటానో లేదో తర్వాత సంగతి. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "అన్నా, ఇది దేనికి?"